మాట ఆగిన చోట

పాటల గది తాళం తీయబోయి తాళాలమ్మ ఆగిపోయింది. గడియకి వేలాడాల్సిన ఇత్తడి తాళం కిటికీ గట్టు మీద నోరు తెరుచుకుని కూర్చుంది. ఉదయం ఏడుంపావు. ఆ వేళకి బళ్ళో తనూ, గేటు దగ్గర కాపలా మనిషీ తప్ప పురుగు కూడా ఉండదు. నడుముకి కట్టుకున్న గుత్తిలో నలభై ఒక్క తాళంచెవులు. పాటల గదిది ఇరవై ఏడోది, తల మీద చిన్న సొట్ట ఉన్నది. తడిమి చూసుకుంది. ఉంది.

అంటే మారుతాళం ఉందన్నమాట. ఉందని ఆమెకి ఇరవై ఏళ్ళుగా అనుమానం.

వెంటనే లోపలికి వెళ్ళలేదు. ముందు చెవి ఒగ్గి వింది. తర్వాత తలుపుని ఒక్క వేలితో నెట్టింది. పియానో మూత తెరిచి ఉంది. బీరువా తలుపు సరిగ్గా పడలేదు. బీరువా నెత్తిన పరుచుకున్న దుమ్ములో నాలుగు మూలల ఖాళీ ఒకటి కనపడుతోంది, అక్కడి నుంచి ఏదో పెట్టె ఈమధ్యే లేచిపోయినట్టు. కుర్చీ ఎక్కి ఆ ఖాళీని చేత్తో కొలిచింది. జానెడు పొడవు, బెత్తెడు వెడల్పు.

"సరే," అనుకుంది. ఆమె సరే అనుకుందంటే విషయం అయిపోయిందని కాదు, మొదలైందని.

బళ్ళో ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పిల్లలకి తాళాలమ్మ, టీచర్లకి ఆయమ్మ. యాభై ఆరేళ్ళ పొట్టి మనిషి. గుత్తి బరువుకి కుడి తుంటి కాస్త కిందికి జారినట్టుంటుంది. ముందు పళ్ళు రెండు లేవు. ముదురు నీలం కోటు జేబులో ఒక పెన్సిలూ, ఒక టేపూ, ఎందుకైనా మంచిదని ఒక భూతద్దం. ఇరవై మూడేళ్ళుగా సామాను గదీ, పెద్ద హాలూ ఆమె చేతిలోనే ఉన్నాయి. కొత్త సుద్దముక్కల పెట్టె కావాలంటే పాత పెట్టె తెచ్చి బోర్లించి చూపించాలి. సాయంత్రం గేటు దాటే ప్రతి సంచీ ఆమె కంట పడాల్సిందే. ఆ నియమం ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు గానీ, పెద్ద టీచరమ్మ కూడా రోజూ తన చేతిసంచీ జిప్పు లాగి చూపించే వెళ్ళేది. చెల్లెలు ఆదివారం ఫోను చేస్తే హలో అనకముందే "ఏం జరిగింది?" అని అడిగేది. "ఏం లేదక్కా, ఊరికే" అంటే ఇంకా కంగారు. ఊరికే ఎవరూ ఏదీ చేయరని ఆమె నమ్మకం.

ఆ రోజు పిల్లల ప్రతిభా ప్రదర్శన. మధ్యాహ్నం మూడింటికి మొదలు. పదకొండు అంశాలు. హాల్లో రెండు వందల ఇరవై కుర్చీలు వేయాలి, పాటల గదిలోంచి పియానోని చక్రాల మీద వేదికకి తేవాలి, తెర తాడుకి నూనె పెట్టాలి. ఆ తెర లాగడం ఆమె తప్ప ఇంకెవరూ చేయరు. మధ్యలో ఒకచోట కప్పీ పట్టేస్తుంది, అక్కడ తాడుని కొద్దిగా వదిలి మళ్ళీ గుంజాలి. ఆ కిటుకు ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో ఆమెకి తెలుసు.

తొమ్మిదింటికి టీ పళ్ళెంతో టీచర్ల గది తలుపు నెట్టింది. లోపల నలుగురు మాట్లాడుకుంటున్నవాళ్ళు ఒక్కసారిగా ఆపేశారు. ఒకావిడ కిటికీలోంచి చూడటం మొదలుపెట్టింది. ఇంకొకాయన తన పెన్ను మూత తీసి, అదే మూత మళ్ళీ పెట్టాడు. పెద్ద టీచరమ్మ ముక్కు ఎర్రగా ఉంది.

జలుబు చేసిందమ్మా అంది, ఎవరూ అడక్కుండానే.

తాళాలమ్మ కప్పులు ఒక్కొక్కటే పెడుతూ అందరి మొహాలూ చూసింది. జలుబైతే ముక్కు తడవాలి గానీ కళ్ళెందుకు తడుస్తాయి? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అడక్కముందే జవాబెందుకు? బయటికొచ్చి తలుపు వేసి, పళ్ళెం చంకలో పెట్టుకుని అక్కడే కాసేపు నిలబడింది. లోపల మాటలు మళ్ళీ మొదలయ్యాయి, ఈసారి ఇంకా నెమ్మదిగా. "...ఈ ఒక్కరోజు గడిస్తే చాలు..." అన్నంతవరకే వినపడింది.

తన ఉద్యోగం గురించేనని తేల్చుకుంది. హాలుకి కరెంటుతో నడిచే తెర కొంటారని కిందటేడే ఒక పుకారు వచ్చింది.

మెట్ల దగ్గర పాటల మాస్టారు ఎదురయ్యాడు. పొడుగాటి మనిషి. ఈ నాలుగు నెలల్లో చిక్కిపోయి, చొక్కా కాలరులో ఇంకో మెడ పట్టేలా ఉన్నాడు. ఆమె కంటే నాలుగేళ్ళు పెద్దవాడైనా మొదటిరోజు నుంచీ ఆమెని "అక్కయ్యా" అనేవాడు. వయసు దాచుకోవడానికే అలా పిలుస్తాడని ఆమె అనుమానం. చేతిలో గుడ్డసంచీ ఉంది, నిండుగా.

"పొద్దున్న పాటల గది ఎవరు తీశారు మాస్టారూ?"

"గాలికి తెరుచుకుందేమో అక్కయ్యా."

"గాలికి తాళం కూడా ఊడుతుందా?"

"మంచి గాలైతే ఊడుతుంది," అని నవ్వి, మెట్టుమెట్టుకీ కమ్మీ పట్టుకుంటూ పైకి వెళ్ళిపోయాడు.

ఇరవై ఏళ్ళుగా వాళ్ళిద్దరి మధ్యా నడిచింది ఇదే తరహా సంభాషణ. పాటల గది తాళంచెవి తన దగ్గర ఒకటి ఉండాలని ఆయన, వీల్లేదని ఈమె. ఆయనకి రాగం తోస్తే వేళాపాళా ఉండదట. తోచినప్పుడు వచ్చి నన్నడగండి, తీస్తాను అనేది. ఆయన మళ్ళీ అడగలేదు. అడగడం మానేశాడంటే ఎక్కడో చేయించుకునే ఉంటాడని అప్పుడే అనుకుంది.

కుర్చీలు వేయిస్తూ ఒక కన్ను మెట్ల మీదే ఉంచింది. పదకొండింటికి మెట్ల కింది చీకటి మూలలో మాస్టారి చుట్టూ అయిదారుగురు పిల్లలు చేరారు. వార్తాపత్రిక చుట్టిన పొట్లాలు ఒక్కొక్కటే సంచీలోంచి బయటికొచ్చి పిల్లల చేతుల్లోకి, అక్కణ్ణించి వాళ్ళ సంచుల్లోకి వెళ్ళిపోయాయి. ఎనిమిదో తరగతి పిల్ల తీసుకున్నది పుస్తకాల కట్టలా ఉంది. తాడాట ఆడే కవలల్లో ఒకడికిచ్చింది జానెడు పొడవు, బెత్తెడు వెడల్పు. ఆమె పాదాల చప్పుడు వినపడగానే మాటలు ఆగిపోయాయి. పిల్లలు చెదిరిన పిట్టల్లా తలో దిక్కూ పోయారు. మాస్టారు ఖాళీ సంచీ మడిచి జేబులో పెట్టుకుంటూ ఆకాశం వంక చూశాడు. అక్కడ ఆకాశం లేదు, మెట్ల అడుగే ఉంది.

కంచే చేను మేస్తోంది అనుకుంది తాళాలమ్మ. బడి సామాను చిల్లరచిల్లరగా పిల్లల సంచుల్లో గేటు దాటిస్తున్నారు. సాయంత్రం ప్రదర్శనకి వచ్చిన తల్లిదండ్రుల రద్దీలో సంచులు చూడటం కుదరదని తెలిసే ఈ రోజు ఎంచుకున్నారు. పెద్ద టీచరమ్మకి కూడా ఇందులో వాటా ఉందేమోనని ఒక్క క్షణం అనిపించింది గానీ, అంతదూరం ఆమెకే ఎక్కువనిపించి వెనక్కి తగ్గింది.

రెండింటికి, పిల్లలు వేషాలు మార్చుకునే గదిలోకి నేరుగా వెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడింది. గది నిండా పౌడరు వాసన. గారడీ చేసే పిల్లాడు చొక్కా చేతిలోకి జేబురుమాళ్ళు దూర్చుకుంటున్నాడు. కవలలు తాడాట సాధన కోసం గది బయటికి పోయారు. పుస్తకాల కట్ట పిల్ల కనపడలేదు. దొరికింది ఒక్కతే, మిరపగింజ.

ఆ పిల్లకి పదకొండేళ్ళు, చూస్తే ఎనిమిదనిపిస్తుంది. చిన్నదీ, ఘాటైనదీ కాబట్టి మాస్టారే ఆ పేరు పెట్టాడు. పాట పాడదు, నాట్యం చేయదు. ఈల వేస్తుంది. మామూలు ఈల కాదు, మాస్టారు పియానో మీద ఏది వాయిస్తే దాన్ని పెదాల మీద పట్టి, పైకి లాగి, మెలితిప్పి వదులుతుంది. ఆడపిల్ల వేదిక మీద ఈల వేయడమేమిటని ఇద్దరు టీచర్లు ముఖం చిట్లిస్తే, మాస్టారు పట్టుబట్టి తొమ్మిదో అంశంగా పెట్టించాడు.

"సంచీ తియ్యి," అంది తాళాలమ్మ.

పిల్ల సంచీని గుండెకి హత్తుకుంది. అది చాలు. తాళాలమ్మ సంచీ లాక్కుని, పుస్తకాల మధ్య నుంచి పొట్లం బయటికి తీసి విప్పింది. ట్యూనింగ్ ఫోర్క్. పాటల గది సొరుగులో ఉండే రెండు పళ్ళ ఇనుప కడ్డీ, బల్లకి కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటే ఒకే స్వరం సన్నగా పలికేది. గదిలో పిల్లలందరూ చూస్తున్నారు.

"ఎక్కడిది?"

"మాస్టారిచ్చారు."

"ఎందుకిస్తారు?"

పిల్ల ఖాళీ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"అడుగుతున్నది నిన్నే. ఎందుకిచ్చారు? అందరికీ ఎందుకిస్తున్నారు?"

"చెప్పకూడదు," అంది మిరపగింజ.

చెప్పకూడదు! ఇరవై మూడేళ్ళ ఉద్యోగంలో ఇంత సూటిగా నేరం ఒప్పుకున్నవాళ్ళు లేరు. ప్రదర్శన కాగానే పెద్ద టీచరమ్మ ముందు తేలుద్దామని చెప్పి, కడ్డీని కోటు జేబులో వేసుకుని బయటికి నడిచింది. వెనక నుంచి పిల్ల ఏడుపు వినపడలేదు. ఏడవనంత గట్టిది అనుకుంది. తలుపు దాటాక తిరిగి చూస్తే, మిరపగింజ గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

సాక్ష్యం పక్కాగా ఉండాలని తిన్నగా పాటల గదికి వెళ్ళింది. సొరుగు లాగింది.

అందులో ఇంకో ట్యూనింగ్ ఫోర్క్ ఉంది.

భూతద్దం తీసి చూసింది. కాడ మీద బడి ముద్ర స్పష్టంగా ఉంది. జేబులోని కడ్డీ మీద ముద్ర లేదు. సొరుగులోని దానికి దారంతో ఒక చీటీ కట్టి ఉంది, మాస్టారి గుండ్రటి రాతలో: బడిది. బీరువా తీసింది. డోలు, గజ్జెలు, గంటలు, అన్నిటికీ చీటీలు. బడిది. బడిది. బడిది. ఒక్క వస్తువు తగ్గలేదు. కింది అర మాత్రం ఖాళీగా ఉంది. అందులో మాస్టారు తన సొంత పుస్తకాలూ, టక్‌టక్‌మని తాళం కొట్టే చెక్కపెట్టె విడిభాగాలూ ఉంచుకునేవాడు. బీరువా నెత్తిన ఉండే ఆ చెక్కపెట్టె కూడా ఆయన సొంతదే. ఆ అరని తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి ఉంచాడు.

తాళాలమ్మ బీరువా ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. పరులది ముట్టకుండా తనవి మాత్రం పంచిపెట్టేవాణ్ణి దొంగ అనరు. వెళ్ళిపోయేవాడు అంటారు. ఎక్కడికి? బదిలీ అయితే అందరూ దండ తెచ్చి, ఫొటో తీసి, గోల చేసేవాళ్ళు. తను గదిలోకి రాగానే నోళ్ళు మూసుకోరు. పెద్ద టీచరమ్మ ముక్కు ఎర్రగా ఉండదు. కాలరులో ఇంకో మెడ పట్టదు.

ఇలాంటి మౌనం ఆమె అంతకుముందు ఒకసారి విన్నది.

పంతొమ్మిదేళ్ళ కిందట. ఆమె భర్త అద్దాల దుకాణంలో అద్దాలు కోసేవాడు. నిదానస్తుడు, చేతికి ఒక్క గాటు పడకుండా పదిహేనేళ్ళు కోశాడు. కడుపులో నొప్పని ఆసుపత్రిలో చేరి అయిదు వారాలున్నాడు. ఆ అయిదు వారాలూ ఆమె వార్డులోకి అడుగుపెట్టినప్పుడల్లా అక్కడి మాటలు ఆగిపోయేవి. డాక్టరు, అత్తగారు, మరిది, సొంత చెల్లెలు, అందరూ ఒకేసారి నవ్వుమొహాలు పెట్టేవాళ్ళు. తగ్గుతోందని చెప్పేవాళ్ళు. ఒకరోజు చెల్లెలు, ఎల్లుండి పంపించేస్తారక్కా, వెళ్ళి ఇల్లు సర్దుకో అంది. ఆమె సంతోషంగా వెళ్ళింది. గది కడిగింది. ఆయన దుప్పటి నానబెట్టి, బాది, పిండి ఆరేసింది. ఆ రోజు మబ్బు పట్టింది. దుప్పటి ఆరేదాకా కూర్చుని, మడిచి చంకన పెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళేసరికి మంచం ఖాళీగా ఉంది.

నీ మంచికే దాచాం అన్నారు. అందరూ అదే మాట. అప్పటినుంచీ, తను వచ్చినప్పుడు ఎక్కడ మాట ఆగినా, తన నుంచి దేన్నో లాగేసుకుంటున్నారనే ఆమెకి అనిపిస్తుంది.

హాల్లో జనం చప్పుడు పెరిగింది. గోడ గడియారం మూడు చూపిస్తోంది. తాళాలమ్మ లేచింది.

ఆమె నిలబడేది వేదిక పక్క తెర మడతల్లో, తాడు కట్టిన చోట. అక్కడి నుంచి చూస్తే గారడీలు ఉండవు. ముందు కూర్చున్న రెండు వందల మందికి మాయమైన జేబురుమాలు ఆమెకి పిల్లాడి చంకలో కనపడుతుంది. పెద్దపెద్ద గుణకారాలు నోటితో చేసే అబ్బాయికి రెండో వరసలో వాళ్ళక్క వేళ్ళతో సైగ చేయడం కనపడుతుంది. పులివేషం పిల్ల గర్జించేముందు భయంతో మూడుసార్లు గుటకలు వేయడం కూడా. ప్రతి ఏడూ ఇవన్నీ కనిపెట్టి లోలోపల మురిసిపోయేది. ఈసారి ఏదీ పట్టించుకోలేదు. వేదికకి ఆ చివర పియానో దగ్గర కూర్చున్న మాస్టారినే చూస్తోంది. ప్రతి అంశానికీ ఆయన వాయిస్తున్నాడు. ఒక్కో అంశం అయ్యాక జేబులోంచి ఏదో తీసి నాలుక కింద పెట్టుకుంటున్నాడు.

ఎనిమిదోది ముగిశాక తెర మూసింది. మిరపగింజ వచ్చి పక్కన నిలబడింది. ఇస్త్రీ చేసిన తెల్ల గౌను, నున్నగా దువ్విన జుట్టు, వాచిన కళ్ళు. పెదాలు సున్నాలా చుట్టి ఊదింది. గాలి వచ్చింది. మళ్ళీ ఊదింది. పెదాలు వణికాయి, మళ్ళీ గాలే.

ఈల సంగతి తాళాలమ్మకి తెలుసు. పాటైతే ఏడుస్తూ కూడా పాడొచ్చు. ఈల అలా కాదు, కింది పెదవి ఆవగింజంత అదిరినా పలకదు.

"రావట్లేదు," అంది పిల్ల, ఎవరితోనో కాదు, తనలో తనే.

తెర ముందు నుంచి తొమ్మిదో అంశం పేరు చదివారు. చప్పట్లు కొట్టారు. తాళాలమ్మ తాడు పట్టుకుంది గానీ లాగలేదు. చప్పట్లు సన్నగిల్లాయి. పెద్ద టీచరమ్మ తెర సందులోంచి తల దూర్చి ఏమైందని కనుబొమలెగరేసింది.

"కప్పీ పట్టేసింది," అంది తాళాలమ్మ. "అయిదు నిమిషాలు."

జీవితంలో కప్పీ గురించి ఆమె చెప్పిన మొదటి అబద్ధం అది. తాడుని మేకుకి చుట్టి, పిల్ల ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. మోకాళ్ళు టపటపమన్నాయి. కోటు జేబులోంచి కడ్డీ తీసి పిల్ల చేతిలో పెట్టింది.

"నీదే. మాస్టారు సొంతంగా ఇచ్చిందే. తప్పు నాది."

పిల్ల నమ్మనట్టు చూసింది. ఆ చూపు తాళాలమ్మకి బాగా తెలిసినదే, రోజూ తన మొహాన ఉండేదే.

"ఇందాక నువ్వు దొంగవనుకున్నాను. అందరిలోనూ అన్నాను. రేపు అందరిలోనూ కాదని చెబుతాను. సరేనా?"

మిరపగింజ తల ఊపింది. కానీ పెదవి అదురు ఆగలేదు. ఇంకేం చేయాలో తాళాలమ్మకి తోచలేదు. తోచక, నలభై అయిదేళ్ళుగా చేయని పని చేసింది. చిన్నప్పుడు వాళ్ళ నాన్న క్వారీలో రాళ్ళు కొట్టేవాడు. అన్నం వేళకి ఆమె గుట్టెక్కి ఈల వేస్తే ఆ మోతల్లో కూడా వినపడి, సుత్తి పక్కన పెట్టి వచ్చేవాడు. పెద్దపిల్లవవుతున్నావు, ఈలలేమిటే అని నాయనమ్మ మూతి మీద కొట్టేదాకా వేసింది. ఇప్పుడు అదే ఈల వేయబోయి పెదాలు చుట్టి బలంగా ఊదింది. లేని రెండు పళ్ళ సందులోంచి గాలీ, తుంపరా కలిసి బుస్సుమని పిల్ల మొహం నిండా పడ్డాయి.

పిల్ల కళ్ళు మూసుకుని, గౌను అంచుతో మొహం తుడుచుకుంది. తర్వాత భుజాలు మళ్ళీ కదిలాయి. ఈసారి నవ్వు. ఆపుకోలేని నవ్వు, కడుపు పట్టుకుని. "ఇంకోసారి," అంది.

తాళాలమ్మ ఇంకోసారి ఊదింది. మళ్ళీ బుస్సు.

"పళ్ళకి కాదు, నాలుక కిందికి పెట్టాలి. ఇలా," అని మిరపగింజ పెదాలు చుట్టింది. సన్నటి స్వరం దారంలా బయటికొచ్చి తెర మడతల్లోకి పోయింది. పిల్ల తనే ఉలిక్కిపడింది. తాళాలమ్మ లేచి తాడు విప్పింది.

ఆ ఈల గురించి తర్వాత చాలారోజులు చెప్పుకున్నారు. మొదట్లో వెనక వరసల్లో ఇద్దరు ముగ్గురు నవ్వారు. పియానో నెమ్మదిగా నడుస్తుంటే, ఈల దాని పక్కన పిల్లలా గెంతుతూ పోయింది, ముందుకి పరిగెత్తింది, ఆగి వెనక్కి చూసింది. నవ్వినవాళ్ళు నవ్వు ఎప్పుడు ఆపారో వాళ్ళకే తెలియదు. ముందున్నవాళ్ళకి అంతవరకే తెలుసు. పక్కనున్న తాళాలమ్మకి ఇంకొకటి కనపడింది. సగం పాటలో మాస్టారి ఎడమ చెయ్యి పియానో మీటల మీంచి జారి ఒళ్ళో పడింది. ఆయన దాన్ని ఎత్తబోయి, వదిలేశాడు. కుడిచేత్తోనే వాయిస్తున్నాడు. మిరపగింజ ఒక్కసారి అటు చూసింది. చూసి, తన వరస వదిలేసి, ఎడమ చెయ్యి వాయించాల్సిన కింది స్వరాల్లోకి దిగి, వాటిని ఈల మీద మోసింది. పాట కుంటలేదు. హాలంతా అది అలాగే నేర్పారనుకుంది.

పిల్లకి మూడో బహుమతి వచ్చింది. మొదటిది గుణకారాల అబ్బాయికి. తాళాలమ్మ రెండో వరసలోని అక్క వంక ఒక చూపు చూసి వదిలేసింది.

అయిదున్నరకి హాలు ఖాళీ అయింది. తాళాలమ్మ కుర్చీలు పేర్చడం మొదలుపెట్టింది. ముందు వరసలో చివరి కుర్చీలో మాస్టారు కూర్చుని ఉన్నాడు, వాళ్ళ చెల్లెలి కారు కోసం ఎదురుచూస్తూ. ఆమె నాలుగు వరసలు పేర్చి, అయిదో వరస దగ్గర ఆగింది.

"ఎన్నాళ్ళన్నారు మాస్టారూ?"

ఆయన తల తిప్పాడు. "నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. అందుకే తెలిసింది."

మాస్టారు ఎడమ చేతిని కుడిచేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. పిల్లలకి ఊరెళ్తున్నానని మాత్రమే చెప్పాడట. వీడ్కోలు సభలూ, కన్నీళ్ళూ తన వల్ల కావట, ప్రదర్శన అయ్యేదాకా చెప్పొద్దని అందరి దగ్గరా మాట తీసుకున్నాడట. అసలు సంగతి పెద్ద టీచరమ్మకీ, టీచర్లకీ తెలుసట.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నమ్మవుగా అక్కయ్యా."

ఆమె నవ్వలేదు. పేర్చిన కుర్చీ ఒకటి దించి ఆయన ఎదురుగా వేసుకుని కూర్చుంది. దుప్పటి సంగతి చెప్పింది. పంతొమ్మిదేళ్ళలో ఎవరికీ చెప్పనిది, చెల్లెలితో కూడా అననిది. "ముందే చెప్పి ఉంటే ఆ పూట ఆయన పక్కన కూర్చునేదాన్ని మాస్టారూ. దుప్పటి ఎవరిక్కావాలి?"

మాస్టారు విన్నాడు. విని, జబ్బు పేరు చెప్పాడు. ఎక్కడ మొదలైందో, ఇప్పుడు ఎక్కడిదాకా పాకిందో చూపించాడు. ఎడమ చెయ్యి వారం నుంచి మాట వినట్లేదన్నాడు. డాక్టర్లు రెండు నెలలన్నారనీ, రెండోది అనుమానమేననీ అన్నాడు. ఒక్క ముక్క దాచలేదు, ఒక్క ముక్కకి తీపి పూయలేదు. తాళాలమ్మ మధ్యలో రెండు ప్రశ్నలడిగింది. వాటికీ జవాబు చెప్పాడు.

"భయంగా ఉందా?"

"ఉంది," అన్నాడు మాస్టారు.

ఆమె తల ఊపింది. ఆయన జేబు తడుముకుని, దారం కట్టిన తాళంచెవి ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఇరవై ఏళ్ళ వాడుకకి నునుపెక్కింది.

"ఉందని నాకు తెలుసు," అంది తాళాలమ్మ.

"నీకు తెలుసని నాకూ తెలుసు."

బయట హారను మోగింది. ఆయన లేచేటప్పుడు ఆమె మోచెయ్యి పట్టుకుంది, సాయం పట్టినట్టు కాకుండా ఏదో చెప్పడానికి పట్టుకున్నట్టు. గేటు దాకా ఇద్దరూ నెమ్మదిగా నడిచారు. గేటు దగ్గర కాపలా మనిషి టోపీ తీసి నిలబడ్డాడు. మాస్టారి చెల్లెలు కారు దిగి ఆయన భుజానున్న సంచీ అందుకోబోయింది. మాస్టారు ఆమెని ఆగమని, సంచీ జిప్పు లాగి తాళాలమ్మ ముందు తెరిచి పట్టాడు.

వదిలేయొచ్చు. ఇంకెవరైనా అయితే ఇవాళ్టికి వద్దులెండి అనేవాళ్ళే. కానీ తాళాలమ్మకి ఆ మాట ఆసుపత్రి వరండాలో విన్న మాటల్లాగే అనిపించింది. వంగి, రోజూ అందరివీ చూసినట్టే చూసింది. ఒక తువ్వాలు. మందుల పొట్లాలు. ఒక చొక్కా. మడిచిన కార్యక్రమాల కాగితం. తువ్వాలు ఎత్తి అడుగు కూడా చూసింది.

"బడిది ఏం లేదు," అంది. "వెళ్ళిరండి మాస్టారూ."

వెళ్ళిరండి అన్నందుకు నాలుక కరుచుకోలేదు. ఆయనా సరిదిద్దలేదు. కారు మలుపు తిరిగేదాకా నిలబడి, చప్పుడు పూర్తిగా పోయాక, ఇంకోసారి చెవి ఒగ్గి, లోపలికి వచ్చింది.

హాల్లో కుర్చీలన్నీ పేర్చింది. తెర మూసింది. పియానో మీద గుడ్డ కప్పుదామని దాని దగ్గరికి వెళ్ళింది. మధ్యాహ్నం ప్రదర్శన కోసం మాస్టారు మెరుగు పెట్టిన నల్ల బూట్లు వేసుకున్నాడు, వాటితోనే వెళ్ళిపోయాడు. పియానో కింద ఆయన రోజూ వేసుకునే తోలు చెప్పులు జతగా, మడమలు వెనక్కి పెట్టి ఉన్నాయి. ఎడమది ఇంకా దిట్టంగానే ఉంది. కుడిదాని ముందు భాగం, పెడల్ నొక్కే చోట, ఎత్తి పట్టుకుంటే కిటికీ వెలుతురు కనపడేంత పలచగా అరిగిపోయి ఉంది.